అర్జీ ఎవరి చేతికి పోతుంది? - పశ్చిమ ప్రకాశం వైపు నుంచి సర్కారు కొలువు చరిత్ర

దళితులకూ సర్కారు ఉద్యోగానికీ ఉన్న సంబంధం గురించి మనవాళ్ళు తక్కువేమీ రాయలేదు. కాకపోతే ఆ రాతలో ఎక్కువ భాగం గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఎంత శాతం రిజర్వేషను ఇచ్చారు, ఎన్ని పోస్టులు నింపారు, ఎన్నిటిని బ్యాక్‌లాగ్ పేరుతో ఎండబెట్టారు, మెరిట్ అనే మాట ఎంత బోలు మాట - ఇవన్నీ అవసరమైన చర్చలే. గుమ్మం దాటి లోపలికి పోయిన మనిషికి ఏమైందనేది మాత్రం చరిత్రలోకి ఎక్కలేదు. ఏ సీటు ఇచ్చారు, సి.ఆర్.లో ఏం రాశారు, ప్రమోషన్ లిస్టులో పేరు ఎందుకు జారిపోయింది, అన్యాయం జరిగిందని కాగితం పెడితే ఆ కాగితం ఎవరి టేబుల్ మీద ఎన్నేళ్ళు పడుకుంది - ఇవి సంఘం మీటింగుల్లో, పెళ్ళిళ్ళలో, బస్టాండుల్లో చెప్పుకునే మాటలుగానే మిగిలిపోయాయి.

ఈ వ్యాసంలో ఆ రెండో భాగాన్ని చరిత్రగా చూడాలని ప్రయత్నిస్తున్నాం. ప్రాంతం మార్కాపురం, కంభం, గిద్దలూరు, దొనకొండ వైపు. ఈ ప్రాంతమే ఎందుకంటే, ఎప్పుడూ ఏదో ఒక జిల్లాకు చివరి అంచుగా ఉండటమే దీని చరిత్ర. కంభం, మార్కాపురం మొదట కడప కలెక్టరు కింద ఉండేవి. 1858లో కర్నూలు కిందికి పోయాయి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు మార్కాపురం, గిద్దలూరు తాలూకాలను కర్నూలు నుంచి తెంపి అందులో కలిపారు. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం అని పేరు పెట్టారు. హెడ్‌క్వార్టరు మారింది గానీ దూరం తగ్గలేదు. దేశమంతా బడికిపోయే పిల్లలకు పలకలు పంపిన ఊరు మార్కాపురం. ఆ పలకరాయి తవ్వి, కోసి, దుమ్ము మింగిన కూలీల పిల్లల్లో ఎంతమంది ఆ పలక పట్టారనేది వేరే వ్యాసం. చెప్పొచ్చేదేమంటే, వాన మీద నమ్మకం లేని ఈ నేలలో, సెంటు భూమి లేని మాల మాదిగ ఇంటికి నెలజీతం అంటే ఇల్లంతటికీ ఆధారం. అందుకే ఆ జీతం కోసం అవమానం మింగడం కూడా ఇక్కడ అలవాటుగా మారింది. కాగితం పెడితే ఉన్న ఉద్యోగం ఊడుతుందేమో అనే భయం ముందు పుట్టి, కోపం తర్వాత పుడుతుంది.

మొదట ఒక అపోహ తీసేయాలి. దళితులు సర్కారు కొలువులోకి రిజర్వేషన్లతోనే వచ్చారని అందరూ అంటారు, మనమూ అంటాం. అది నిజం కాదు. బ్రిటిషు పాలనకు ముందునుంచీ గ్రామంలో సర్కారు పని చేసింది మనవాళ్ళే. వెట్టివాడు, తలారి, చెరువు ఉన్నచోట నీరుగంటి - ఇవన్నీ కొలువులే. కంభం చెరువు లాంటి పెద్ద చెరువు కింద ఏ మడికి ఎప్పుడు నీళ్ళు వదలాలో తెలిసినవాడు లేకపోతే కరణం లెక్క ఉత్త కాగితమే. శిస్తు డబ్బు మోసింది, అధికారి వస్తే గుడారం ఎత్తింది, దప్పు కొట్టి ఊరికి సర్కారు మాట చెప్పింది ఎవరు? 1895 నాటి మద్రాసు వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం ఈ కొలువులన్నిటినీ పుట్టుకకు కట్టేసింది. కరణం కొడుకు కరణం, మునసబు కొడుకు మునసబు, వెట్టివాడి కొడుకు వెట్టివాడు. అంటే అప్పటికే సర్కారు కొలువులో నూటికి నూరు శాతం రిజర్వేషను ఉంది. దాన్ని ఎవరూ ఆ పేరుతో పిలవలేదు, అంతే.

మన అంశానికి కావలసిన విషయం ఇంకొకటి ఇక్కడే ఉంది. వెట్టివాడికి కష్టం వస్తే ఎవరికి చెప్పుకోవాలి? తాసీల్దారుకు. తాసీల్దారుకు చెప్పాలంటే అర్జీ కావాలి. అర్జీ రాయడం వచ్చినవాడు ఊళ్ళో కరణమే. అర్జీ వచ్చాక తాసీల్దారు 'విచారించి రిపోర్టు పంపవలెను' అని రాసి దించేది మళ్ళీ మునసబు కరణాలకే. ఎవరి మీద ఫిర్యాదో వాళ్ళ చేతికే ఫిర్యాదు తిరిగివచ్చే పద్ధతి రెవెన్యూ ఆఫీసు పుట్టినప్పటి నుంచీ ఉంది. తర్వాతి కాలంలో 'త్రూ ప్రాపర్ ఛానెల్' అనే ఇంగ్లీషు మాట దానికి గౌరవం తెచ్చింది.

ఈ పుట్టుక హక్కును సుప్రీం కోర్టు 1960 డిసెంబరులో కొట్టేసింది. గుంటూరు జిల్లాలో ఒక ఊరి మునసబు పదవి తగాదా అది, గాజుల దశరథరామారావు కేసు. గ్రామోద్యోగం కూడా రాజ్యం కింద ఉద్యోగమే, వారసత్వాన్ని బట్టి ఇవ్వడం 16వ అధికరణానికి విరుద్ధం అని తీర్పు చెప్పింది. తీర్పు వచ్చినా కరణీకాలు మరో ఇరవైమూడేళ్ళు నడిచాయి. 1984 జనవరి 6న ఎన్.టి.రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సుతో పార్ట్‌టైం గ్రామోద్యోగాలను రద్దు చేసినప్పుడే అవి పోయాయి. దానిమీద కోర్టుకు పోయినవాళ్ళు మునసబులు, కరణాలు. వెట్టివాళ్ళ వారసత్వాన్ని కాపాడమని ఎవరూ కోర్టుకు పోయిన జాడ మాకు కనపడలేదు. గ్రామ సేవకులుగా, తర్వాత గ్రామ రెవెన్యూ సహాయకులుగా పేర్లు మారుతూ ఆ పని మాత్రం చాలావరకు ఆ వాడల్లోనే ఉండిపోయింది.

చదువు మరో దారిలో వచ్చింది. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దగ్గర బకింగ్‌హాం కాలువ పనికి పోయిన మాదిగలు వేల సంఖ్యలో క్రైస్తవంలోకి వచ్చారు. 1878 జూలై 3న ఒక్కరోజే వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నల్లమలలో పుట్టి కంభం చెరువు నింపి కిందికి పారే ఏరే అది. ఆ తర్వాత మిషను కంభం, మార్కాపురం, దొనకొండల్లో స్టేషన్లు పెట్టింది. ఈ వైపు మాదిగ ఇళ్ళల్లో మొదటి అక్షరం, మొదటి జీతం చాలామందికి మిషను బడి నుంచే వచ్చాయి. అక్షరం ఇచ్చిన దారే తర్వాత మెడకు చుట్టుకుంది. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులు కానివాళ్ళను షెడ్యూల్డు కులాల జాబితా బయట పెట్టింది. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో చేర్చారు గానీ క్రైస్తవులను చేర్చలేదు. ఆంధ్రప్రదేశ్‌లో వాళ్ళు బి.సి.-సి కింద ఒక్క శాతంలోకి పోయారు. ఉద్యోగం చేసే దళితుడి మీద ఎవడికైనా కోపం వస్తే 'ఫలానావాడు ఆదివారం చర్చికి పోతాడు' అని ఒక ఆకాశరామన్న ఉత్తరం రాస్తే చాలు. 1993 నాటి కుల ధ్రువపత్రాల చట్టం, 1997 నాటి నిబంధనలు మనకు అవసరమైనవే. దొంగ సర్టిఫికెట్లతో మన పోస్టులు కాజేసిన అగ్రకులాల వాళ్ళను పట్టుకోడానికే వాటికోసం పోరాడాం. కానీ అదే యంత్రం దళితుడి మీదికి తిరిగినప్పుడు ఎంత చురుగ్గా కదులుతుందో గమనించాలి. అతని మీద వచ్చిన అర్జీకి నోటీసు, విచారణ, తేదీ ఉంటాయి. అతను పెట్టిన అర్జీకి 'పరిశీలనలో ఉంది' అనే ఎండార్సుమెంటు ఉంటుంది, అదీ అదృష్టం బాగుంటే.

ఇక రోస్టరు సంగతి. 1953 అక్టోబరు 1 దాకా ఈ తాలూకాలు మద్రాసు రాష్ట్రంలో భాగం. కాబట్టి ఇక్కడివాళ్ళకు వర్తించింది జస్టిస్ పార్టీ కాలంలో మొదలైన కమ్యూనల్ జీవోలే. 1927 జీవో ప్రకారం ప్రతి పన్నెండు నియామకాల్లో ఒకటి అణగారిన వర్గాలకు. 1947లో దాన్ని మార్చి ప్రతి పద్నాలుగులో రెండు హరిజనులకు అన్నారు. రాజ్యాంగం వచ్చిన సంవత్సరమే దీనిమీద కేసు పడింది. చంపకం దొరైరాజన్ కేసు అందరికీ తెలుసు, అది కాలేజీ సీట్ల గురించి. అదేరోజు, 1951 ఏప్రిల్ 9న, ఉద్యోగాల గురించి ఇంకో తీర్పు వచ్చింది. దాన్ని మనవాళ్ళు పెద్దగా పట్టించుకోరు. మద్రాసు రాష్ట్రంలో 83 జిల్లా మునసబు పోస్టులు. హరిజనులకు 19, ముస్లింలకు 5, క్రైస్తవులకు 6, వెనుకబడిన హిందువులకు 10, బ్రాహ్మణేతర హిందువులకు 32, బ్రాహ్మణులకు 11. బి.వెంకటరమణ అనే బ్రాహ్మణ అభ్యర్థి తనకు కులాన్నిబట్టి అవకాశం పోయిందని 16వ అధికరణం కింద సుప్రీం కోర్టుకు పోయాడు, గెలిచాడు. హరిజనుల, వెనుకబడిన హిందువుల వాటా మాత్రం 16(4) కింద నిలిచింది.

ఈ తీర్పులో మాకు ముఖ్యంగా కనిపించేది ఫలితం కాదు. ఉద్యోగంలో కులవివక్ష అనే ఫిర్యాదు స్వతంత్ర భారతంలో మొట్టమొదట సుప్రీం కోర్టులో ఎవరి నోట వినపడిందనేది. 16(2)లో కులం పేరుతో ఉద్యోగం 'విషయంలో' వివక్ష చూపరాదని ఉంది. ఉద్యోగం ఇవ్వడంలోనే కాదు, ఉద్యోగం చేయించుకోవడంలో కూడా అని దాని అర్థం. కుర్చీ, సీటు, సి.ఆర్., బదిలీ, సస్పెన్షన్ అన్నీ అందులోకి వస్తాయి. కానీ ఆ క్లాజు పైకులాల అభ్యర్థుల ఆయుధంగా మారింది. దళితుడికి 16(4) మిగిలింది. అతను కోర్టు మెట్లెక్కినా రోస్టరు పాయింటు గురించే ఎక్కాడు. తనకు జరిగిన వివక్ష గురించి ఎక్కడం అరుదు.

ఈ తేడా రైల్వేలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. గుంటూరు - గుంతకల్లు ఒకప్పటి మీటరు గేజి లైను దొనకొండ, మార్కాపురం రోడ్, కంభం, గిద్దలూరు మీదుగా నల్లమల దాటి నంద్యాలకు పోతుంది. దొనకొండ ఒకప్పుడు లోకోషెడ్డు, రైలు కాలనీ ఉన్న ఊరు. గ్యాంగుమన్, పాయింట్స్‌మన్, బొగ్గు ఎత్తే ఖలాసీ - ఈ పనుల్లోకి దళితులు ముందే వచ్చారు, ఎండలో పట్టాల మీద పనికి పైకులాలవాళ్ళు ఎగబడరు గనక. గుమాస్తా కుర్చీ దగ్గరే తగాదా. 1943 ఆగస్టులో, వైస్రాయి కౌన్సిల్లో లేబర్ మెంబరుగా అంబేడ్కర్ ఉన్నప్పుడు, కేంద్ర సర్వీసుల్లో షెడ్యూల్డు కులాలకు 8.33 శాతం మొదటిసారి ఖాయమైంది. 1946 జూన్‌లో 12.5 శాతమైంది. 1970లో షెడ్యూల్డు కులాలకు 15, తెగలకు 7.5 అయింది. అయితే ఇదంతా చేరేటప్పుడు. చేరినవాడు ముప్పై ఏళ్ళు అదే మెట్టు మీద ఉండకుండా చేసింది 1959 నాటి రైల్వే బోర్డు సర్క్యులర్లు. ఫిబ్రవరిలో ఒకటి, జూన్‌లో ఒకటి. పై అధికారి ఎంపిక చేసే మూడో తరగతి సెలెక్షన్ పోస్టుల్లో కూడా వాటా ఇచ్చాయి. దానిమీద సదరన్ రైల్వే ఉద్యోగి రంగాచారి మద్రాసు హైకోర్టుకు పోయి గెలిచాడు. 1961 ఏప్రిల్‌లో సుప్రీం కోర్టు ముగ్గురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపుగా చీలి ఆ గెలుపును తిరగేసింది. పదోన్నతి కూడా నియామకంలో భాగమే, వాటా చెల్లుతుంది అంది. మన లైను అప్పట్లో సదరన్ రైల్వేలోనే ఉంది. అంటే ఈ తీర్పు దొనకొండ వైపు దళిత రైల్వే గుమాస్తాకు పుస్తకంలో చదువుకునే సంగతి కాదు, ఆ ఏడు తన పేరు లిస్టులో ఉంటుందా లేదా అనే సంగతి.

అదే సమయంలో రైలు పట్టాలకు అవతల, రాష్ట్ర ప్రభుత్వ ఆఫీసులో పనిచేసే అతని తమ్ముడి సంగతి చూడండి. ఇందిరా సహానీ తీర్పు (1992 నవంబరు 16) పదోన్నతుల్లో రిజర్వేషను కుదరదంది. 77వ సవరణతో 1995లో పార్లమెంటు 16(4ఎ) చేర్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అన్ని శాఖలకూ వర్తించేలా పదోన్నతుల్లో ఎస్.సి., ఎస్.టి. వాటా ఇచ్చింది 2003 ఫిబ్రవరి 14న, సాంఘిక సంక్షేమ శాఖ జీవో నంబరు 5తో. రైల్వే సర్క్యులరుకూ ఈ జీవోకూ మధ్య నలభైనాలుగేళ్ళు. ఒక ఉద్యోగి సర్వీసు మొత్తం అందులో అయిపోతుంది.

1970 తర్వాత ఈ ప్రాంతానికి కొత్త చిక్కు వచ్చింది. ఆరు సూత్రాల పథకం తర్వాత 1975 రాష్ట్రపతి ఉత్తర్వుతో జోన్లు వచ్చాయి. ప్రకాశం మూడో జోనులో గుంటూరు, నెల్లూరుతో పాటు. కర్నూలు నాలుగో జోనులో. మార్కాపురం, గిద్దలూరు అయిదేళ్ళ ముందు దాకా కర్నూలు జిల్లా. గిద్దలూరు నుంచి ఒంగోలు వంద కిలోమీటర్ల పైమాటే, నంద్యాల దగ్గర. అలాంటి చోటు కాలవ నీళ్ళ జిల్లాలతో ఒకే జోనులో పోటీ పడాల్సి వచ్చింది. కాలవ కింద చదువుకున్న దళితుడికీ మెట్టలో చదువుకున్న దళితుడికీ మధ్య తేడా రోస్టరు రిజిస్టరులో కాలమ్ కాదు. బదిలీల్లో శిక్షగా పంపే చోటు కూడా ఈ పడమటి మండలాలే అనే పేరు ఉద్యోగుల్లో ఉండింది. ఫిర్యాదు పెట్టినవాడిని ఎక్కడికి పంపాలో వెతుక్కునే పని లేదు. ఇక్కడివాడైతే ఇంకా లోపలికి పంపుతారు.

ఉద్యోగుల ఫిర్యాదులు వినడానికి 371-డి కింద 1976లో రాష్ట్ర పరిపాలనా ట్రిబ్యునల్ హైదరాబాదులో పెట్టారు. హైకోర్టుకు పోయే దారి మూసేశారు. ఇక్కడ పాఠకులు ఒక సంగతి నిదానంగా చదవాలి. ఆ అధికరణం అయిదో క్లాజు ప్రకారం ట్రిబ్యునల్ తీర్పు రాష్ట్ర ప్రభుత్వం ఖరారు చేస్తేనో, మూడు నెలలు గడిస్తేనో అమలులోకి వస్తుంది. ఈలోపు ప్రభుత్వం కావాలంటే ఆ తీర్పును మార్చవచ్చు, రద్దు చేయవచ్చు. కేసు ఎవరి మీద? ప్రభుత్వం మీద. తీర్పు ఇష్టం లేకపోతే కొట్టేసేది ఎవరు? ప్రభుత్వం. కరణం దగ్గరికే తిరిగివచ్చిన వెట్టివాడి అర్జీ ఈసారి రాజ్యాంగంలోనే కూర్చుంది. సాంబమూర్తి కేసులో 1986 డిసెంబరులో సుప్రీం కోర్టు ఆ క్లాజును కొట్టేసేదాకా, పదేళ్ళు, ఇదే చట్టం. 1997లో చంద్రకుమార్ తీర్పు హైకోర్టు తలుపు మళ్ళీ తెరిచింది. 2019లో ఆంధ్రప్రదేశ్ ట్రిబ్యునల్ రద్దయి కేసులు హైకోర్టుకు పోయాయి. అటెండరుకు సీనియారిటీలో అన్యాయం జరిగితే ఇప్పుడు నేరుగా హైకోర్టే. లాయరు ఫీజు, అమరావతి ప్రయాణం, సెలవు అన్నీ లెక్కేసుకుని చాలామంది ఇంటిదగ్గరే ఆగిపోతారు.

సరే, ఆఫీసు లోపలికి పోదాం. ఇప్పుడు మంచినీళ్ళ గ్లాసు వేరే పెట్టే ఆఫీసులు తగ్గాయి. వివక్ష కాగితం రూపంలోకి మారింది. దాని మొదటి రూపం సి.ఆర్. ఏడాదికోసారి పై అధికారి రహస్యంగా రాసే నాలుగు మాటలు. 'సగటు' అని రాస్తే తిట్టు కాదు గనక చెప్పనక్కర్లేదు, కానీ ప్రమోషన్ కమిటీ ముందు ఆ సగటే మనిషిని ముంచుతుంది. ప్రతి వ్యాఖ్యనూ ఉద్యోగికి తెలపాల్సిందేనని సుప్రీం కోర్టు దేవ్‌దత్ కేసులో చెప్పింది 2008లో. అంతకుముందు ఎన్ని తరాల దళిత ఉద్యోగులు తమ గురించి ఏం రాశారో తెలియకుండానే రిటైరయ్యారు! రెండో రూపం ఛార్జిమెమో. 1991 నాటి సి.సి.ఎ. నిబంధనల ప్రకారం అది పద్ధతిగానే వస్తుంది, పద్ధతిగానే సాగుతుంది, రిటైరయ్యే దాకా కూడా సాగుతుంది. పెండింగులో ఛార్జి ఉన్నవాడికి ప్రమోషన్ ఆగుతుంది. అతని కింద ఉన్నవాడు పైకి పోతాడు. ఎవరూ కులం పేరెత్తనక్కర్లేదు.

సి.ఆర్. ఎంత పెద్ద విషయమో దేశం మొత్తం చూసింది. మహారాష్ట్రలో ఒక ప్రభుత్వ ఫార్మసీ కాలేజీలో దళిత ఉద్యోగి నిజాయితీ, నడవడి బాగోలేవని పై అధికారులు సి.ఆర్.లో రాశారు. అతను 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పెట్టాడు. ప్రాసిక్యూషనుకు పైనున్న అధికారి అనుమతి నిరాకరించాడు. ఆ నిరాకరణ మీద ఇంకో కేసు. అదే సుభాష్ కాశీనాథ్ మహాజన్ కేసు అయి, 2018 మార్చి 20న చట్టం మొత్తానికే పళ్ళు పీకే తీర్పుగా వచ్చింది: ముందు ప్రాథమిక విచారణ, ప్రభుత్వోద్యోగిని అరెస్టు చేయాలంటే నియామకాధికారి అనుమతి. ఏప్రిల్ 2 భారత్ బంద్, పలువురి ప్రాణాలు, ఆగస్టులో 18ఎ సవరణ, 2019 అక్టోబరు 1న ఆ ఆదేశాల ఉపసంహరణ, 2020 ఫిబ్రవరిలో సవరణకు ఆమోదం. ఇంత చరిత్ర ఒక సి.ఆర్. పేజీ మీద నడిచింది. కానీ ఆ పేజీలో రాసింది వివక్షా కాదా అనే అసలు ప్రశ్న మాత్రం ఈ గోలలో ఎవరికీ గుర్తులేదు.

ఇదే మా ముఖ్య వాదన. ఆఫీసు వివక్షకు మనకున్న ఆయుధం క్రిమినల్ చట్టం ఒక్కటే. అది కారంచేడు (1985 జూలై 17), చుండూరు (1991 ఆగస్టు 6) లాంటి హత్యాకాండల కాలంలో పుట్టిన చట్టం. కారంచేడు అప్పుడు ఈ జిల్లా ఊరే. గొడ్డలికి సరిపోయే చట్టంతో ఫైలును పట్టుకోవడం కష్టం. 'పదిమంది కంటబడే చోట' తిట్టాలి అనే నియమం ఒకటి ఉంది. తమిళనాడులో ఒక దళిత రెవెన్యూ ఇన్‌స్పెక్టరును ఆయన ఆఫీసు గదిలోనే కులం పేరుతో తిట్టిన కేసును, నాలుగు గోడల మధ్య జరిగింది, తోటి ఉద్యోగులు తర్వాతే వచ్చారు అంటూ సుప్రీం కోర్టు 2025 జనవరి 31న కొట్టేసింది. ఆఫీసు గది అంటేనే నాలుగు గోడలు. మరి ఉద్యోగిని ఎక్కడ తిడితే నేరం?

కమిషన్ ఉందిగా అంటారు. 65వ సవరణతో వచ్చి, 2004 నుంచి షెడ్యూల్డు కులాలకు విడిగా ఉన్న జాతీయ కమిషన్‌కు సాక్షులను పిలిపించే, రికార్డులు తెప్పించే సివిల్ కోర్టు అధికారాలున్నాయి. అయితే ఆ అధికారాలు విచారణ వరకే, ఆపుదల ఉత్తర్వులు ఇచ్చే అధికారం కమిషన్‌కు లేదని ఇండియన్ ఓవర్‌సీస్ బ్యాంకు ఉద్యోగుల సంఘం కేసులో 1996లో సుప్రీం కోర్టు తేల్చింది. కమిషన్ సిఫారసు చేస్తుంది. సిఫారసు మళ్ళీ అదే శాఖకు పోతుంది. అయినా కమిషన్ పనికిరాదని మేము అనడం లేదు. ఢిల్లీ కాగితం వచ్చిందంటే ఫైలు దుమ్ము దులుపుతారు, అదీ ఒక ఉపయోగమే.

పోల్చి చూస్తే తేడా ఇంకా తెలుస్తుంది. ఆడవాళ్ళ మీద లైంగిక వేధింపులకు 1997 విశాఖ తీర్పు, 2013 చట్టం ఉన్నాయి. ప్రతి ఆఫీసులో కమిటీ, బయటి సభ్యురాలు, 90 రోజుల గడువు. వికలాంగుల చట్టం (2016) ప్రతి ప్రభుత్వ సంస్థలో ఫిర్యాదుల అధికారి ఉండాలంది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టం (2019) కూడా అదే అంది. ఇవి ఎంత బాగా నడుస్తున్నాయనేది వేరే మాట, చట్టంలో అయితే ఉన్నాయి. కులం విషయంలో అలాంటి చట్టం లేదు. కేంద్ర శాఖల్లో సర్క్యులర్ల మీద నడిచే లైజన్ ఆఫీసరు ఉంటాడు. ఆయన పని ముఖ్యంగా రోస్టరు తనిఖీ, ఆయనా అదే శాఖ అధికారే. ఉద్యోగంలో వివక్షను నిషేధించే అంతర్జాతీయ కార్మిక సంస్థ 111వ ఒప్పందాన్ని భారతదేశం 1960లోనే ఆమోదించింది. సచార్ కమిటీ 2006లో సమాన అవకాశాల కమిషన్ పెట్టమంది. మాధవ మీనన్ బృందం 2008లో బిల్లు ముసాయిదా కూడా ఇచ్చింది. చట్టం రాలేదు. అమెరికాలో 1964 పౌరహక్కుల చట్టం 1972 సవరణతో ఫెడరల్ ఉద్యోగులకూ వర్తించింది. అక్కడ కూడా ప్రభుత్వోద్యోగి ముందు 45 రోజుల్లో తన శాఖలోని కౌన్సిలరు దగ్గరికే పోవాలి, విచారించేదీ ఆ శాఖే. అంటే కరణం అక్కడా ఉన్నాడు. కానీ శాఖకు 180 రోజుల గడువుంది, శాఖ బయట వినేవాడు ఒకడున్నాడు. మనకు గడువూ లేదు, బయటివాడూ లేడు.

మనలో మనకు కూడా ఒక లెక్క ఉంది. దాన్ని దాటవేసి ఈ చరిత్ర రాయలేం. 1994 జూలై 7న ఇదే జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా పుట్టింది. షెడ్యూల్డు కులాల 15 శాతంలో కొలువులు ఎవరికి పోయాయి అని అడిగింది. సమాన అవకాశం అనే మాటను దళితుల లోపలికి తిప్పిన మొదటి పెద్ద ఫిర్యాదు అదే. రామచంద్రరాజు కమిషన్ తర్వాత 1997లో నాలుగు గ్రూపులు (1, 7, 6, 1 శాతాలు), 2000లో చట్టం, 2004 నవంబరులో చిన్నయ్య తీర్పుతో రద్దు, 2024 ఆగస్టు 1న దవీందర్ సింగ్ తీర్పుతో మళ్ళీ దారి, 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ఆర్డినెన్సు - రెల్లి తదితర కులాలకు 1, మాదిగ తదితరులకు 6.5, మాల తదితరులకు 7.5. ముప్పై ఏళ్ళ పోరాటం. ఈ ముప్పై ఏళ్ళలో ఎస్.సి. ఉద్యోగుల సంఘాలు రెండుగా చీలాయి. చీలిక తప్పని మేము అనం. అడిగిన ప్రశ్న న్యాయమైనది, దానికి పెద్దన్నలు సమాధానం చెప్పలేదు. నష్టం మాత్రం జరిగింది. ఛార్జిమెమో అందుకున్న మాదిగ ఉద్యోగి వెంట మాల ఉద్యోగి, మాల ఉద్యోగి వెంట మాదిగ ఉద్యోగి పై అధికారి గదిలోకి పోవడం తగ్గింది. అది అధికారులకు బాగా తెలుసు.

ఈలోపు కొలువే కరిగిపోతోంది. రాష్ట్రంలో 1994 నాటి రెండో నంబరు చట్టం, జీవో 212 దినకూలీల రెగ్యులరైజేషన్‌కు 1993 నవంబరు 25 నాటికి అయిదేళ్ళు నిండాలని గీత గీశాయి. 2006 ఉమాదేవి తీర్పు మిగతా తలుపు మూసింది. ఇప్పుడు ఊడ్చేవాళ్ళు, డ్రైవర్లు, కంప్యూటర్ ఆపరేటర్లు, ఆసుపత్రి ఆయాలు ఔట్‌సోర్సింగులో ఉన్నారు. సమాన పనికి సమాన వేతనం అని 2016లో సుప్రీం కోర్టు జగ్జీత్ సింగ్ కేసులో చెప్పినా, జీతానికి అడిగితే ఏజెన్సీని అడగమంటారు, ఏజెన్సీని అడిగితే శాఖను అడగమంటారు. వీళ్ళకు సి.ఆర్. లేదు, ఛార్జిమెమో లేదు, సర్వీసు రిజిస్టరు లేదు. 'రేపటి నుంచి రావద్దు' అనే నోటిమాట చాలు. మధ్యాహ్న భోజనం వంట మనుషుల్లో దళితులకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్‌లో సుప్రీం కోర్టు చెప్పింది. వాళ్ళకిచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. కాబట్టి వాళ్ళు ఉద్యోగులు కారు, వాళ్ళకు జరిగేది ఉద్యోగ వివక్షా కాదు! పట్టణాల్లో చీపురు పట్టిన చేతులు ఎవరివో చూస్తే 1895 చట్టం రద్దయిందని నమ్మబుద్ధి కాదు.

సమాచార హక్కు చట్టం (2005) వచ్చాక రోస్టరు రిజిస్టరు నకలు అడగడం కొంత తేలికైంది. ఏ పాయింటులో ఎవరిని వేశారు, ఏది ఖాళీ ఉంచారు అనేది బయటపడుతుంది. ఫిర్యాదుల రిజిస్టరు అడిగితే మాత్రం అలాంటి రిజిస్టరే నిర్వహించడం లేదనే జవాబు వస్తుంది. అందువల్ల ఈ చరిత్రకు ఆధారాలు ఆఫీసుల్లో దొరకవు, ఇళ్ళల్లో ఉంటాయి. రిటైరైన టీచర్లు, గ్యాంగుమన్లు, అటెండర్లు, గ్రామ సేవకుల ట్రంకుపెట్టెల్లో పాత అర్జీల నకళ్ళు, ఎండార్సుమెంట్లు, ఛార్జిమెమోలు, వాటికి రాసుకున్న జవాబులు ఉన్నాయి. మార్కాపురం, గిద్దలూరు, కంభం, దొనకొండ వైపు విద్యార్థులు, సంఘాల మిత్రులు వాటిని తూకానికి వేయనివ్వకుండా చూడాలి. జిరాక్సు తీసి, తేదీ, శాఖ, హోదా రాసి ఉంచితే చాలు. ఎవరి మీద ఫిర్యాదో, విచారణకు ఎవరిని వేశారో ఆ రెండు పేర్లు పక్కపక్కన కనిపించే కాగితం ఏదైనా దొరికితే దాన్ని ముందు దాచండి.